పితికిన పప్పు

మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా అమ్మ. ఆమె లేచి చీర సర్దుకొనే చప్పుడుకే మా చిన్నవాడు కూడా లేచి కూర్చొనేవాడు. అప్పటికి వాడికి మూడేళ్ళు. కళ్ళు పూర్తిగా తెరవకముందే వాడి ప్రశ్నలు మొదలయ్యేవి.

"అవ్వా, చీకటి యాడికి పోయింది?"

"గొడ్లపాకలోకి పోయి పండుకొంది నాయనా."

"దానికి బువ్వ పెట్టినావా?"

"పెట్టినా. రాత్రి మిగిలిన సంగటి పెట్టినా."

"అంతా తినేసిందా?"

"అంతా తినేసింది. నీకని ఇంత కూడా మిగల్చలేదు."

అప్పుడు వాడు ఏడుపుముఖం పెట్టేవాడు. అమ్మ నవ్వుతూ వాణ్ణి చంకనేసుకొని వాకిట్లోకి పోయేది. నేను దుప్పటి తీయకుండానే ఈ మాటలన్నీ వినేవాణ్ణి. వాటి విలువ ఆ రోజుల్లో నాకు తెలియలేదు. చూరులో పిచ్చుకల కూతలాగా అవి ఎప్పుడూ ఉండేవే అనుకొనేవాణ్ణి.

మాది గూళూరు. బాగేపల్లి తాలూకాలో ఒక హోబళి కేంద్రం. మా తాలూకా 2007 వరకు కోలారు జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. మా సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్. నందికొండల ప్రాంతంలో పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా సాగి పుట్టపర్తి వైపు పోతుంది. ఇక్కడి మనుషుల మాట కూడా ఆ ఏటిలాగే గీతలు చూసుకోకుండా పోతుంది. బస్సు మీది పేరు కన్నడంలో ఉంటుంది. బస్సులోని మాటలు చాలావరకు తెలుగులో ఉంటాయి. సంతలో బేరం ఒక భాషలో మొదలై ఇంకొక భాషలో తెగుతుంది.

నేను చదువుకొన్నది కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు మాత్రం మా నాయన సంతలో కొని తెచ్చిన పెద్దబాలశిక్ష చూసి ఇంట్లోనే నేర్చుకొన్నాను. మా అమ్మకు చదువు రాదు. సంతలో బేరమాడేంత కన్నడం వచ్చు. కైవారం తాతయ్య తత్త్వాలు కొన్ని నోటికి వచ్చు. చింతామణి తాలూకాలోని కైవారంలో వెలసిన ఆ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ పాడినవాడు. అందుకే ఆయన మా ప్రాంతంలో రెండు భాషలవారికీ తాతయ్యే. ఇవి కాక అమ్మకు కథలు వచ్చు. ఎన్ని వచ్చో ఆమెకే తెలియదు.

మా ఇంట్లో మధ్యాహ్నానికి రాగిసంగటి తప్పదు. అమ్మ పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకొని సంగటిని చిన్న చిన్న ఉండలు చేసేది. ఒక్కొక్క ఉండకు గుంట చేసి, అందులో పులుసు నింపి, నోటికి అందించేది. సంగటిని నమలకూడదు, మింగాలి. ఈ విద్య పిల్లలకు నేర్పడం తేలిక కాదు. చిన్నవాడు నమిలి నమిలి, పండ్లకంతా పట్టించుకొని, నోరు తెరిచి చూపించేవాడు. "ఈ ఉండ చిత్రావతి, ఇది చెరువు, ఇది మన బావి" అని పేర్లు పెట్టి అమ్మ వాడికి తినిపించేది. వాడు చెరువును మింగి బావి కోసం నోరు తెరిచేవాడు. మా పెద్దమ్మాయి పక్కన కూర్చొని, "నేను పెద్దదాన్ని, నాకు పేర్లు వద్దు" అనేది. కానీ పేరు పెట్టని ఉండ ఇస్తే తినేది కాదు.

రాత్రి పడుకొనే ముందు కథ. ఏడు చేపల కథ మా చిన్నవాడికి ఎన్నిసార్లు విన్నా తనివి తీరేది కాదు. ఎండని ఆ ఒక్క చేప మీద వాడికి ఎంతో దిగులు. "రేపు ఎండుతుందిలే" అని అవ్వ చేత మాట తీసుకొన్న తరువాతే వాడు నిద్రపోయేవాడు.

ఇలా ఉండగా పెద్దమ్మాయి ఒకటో తరగతిలో చేరింది. ఊళ్ళోని కన్నడ బడిలోనే వేశాం. మన రాష్ట్రంలో బడిపిల్లలకు పాలు ఇచ్చే క్షీరభాగ్య పథకం 2013 ఆగస్టులో మొదలైంది. మా అమ్మాయి చేరేనాటికి అది బాగా అలవాటైపోయింది. మొదటి వారంలోనే ఒక సాయంత్రం అమ్మాయి గర్వంగా వచ్చి, "అవ్వా, ఈ దినం నేను గ్లాసుడు హాలు తాగినాను" అంది.

"పాలు తాగినావా, మంచిది తల్లీ."

"పాలు కాదు. హాలు."

అమ్మ నవ్వి ఊరుకొంది. మేమంతా నవ్వాం. బిడ్డకు కొత్త మాట వచ్చిందని సంబరపడ్డాం.

ఇంకొక నెలకు ఆ నవ్వు మారింది. ఒక రాత్రి అమ్మాయి బొమ్మల పుస్తకం తెరిచి దీపం కింద కూర్చొంది. చిన్నవాడు అవ్వ ఒడిలో ఉన్నాడు. పుస్తకంలో పులిబొమ్మ వచ్చింది. అమ్మ దాని మీద వేలు పెట్టి, "చూడురా, పులి" అంది.

"పులి కాదు, హులి" అంది అమ్మాయి.

"రెండూ ఒకటేనే."

"ఒకటి కాదు! టీచరు హులి అని చెప్పినారు. నువ్వు చెప్పేది తప్పు. నీకేమీ రాదు అవ్వా."

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపును ఇప్పటికీ మరచిపోలేదు. నేను ఏదో ఒకటి చెపుతానని ఆమె ఎదురుచూసింది. నేను చెప్పాను కూడా. చేతిలోని కాగితాల మీది నుంచి తల ఎత్తకుండా, "అమ్మా, దాన్ని తికమక పెట్టొద్దు. బడిలో వెనకబడుతుంది. పిల్లలతో ఇంక కన్నడమే మాట్లాడు" అన్నాను.

అది కోపంతో అన్న మాట కాదు. ఆఫీసు పని మధ్యలో విసుగుతో అన్న మాట. బిడ్డ బాగా చదవాలనే ఆశ కూడా అందులో ఉంది. మనసుకు తగిలే మాటలు అన్నీ కోపంలోనే పుడతాయని అనుకొంటాం. మంచి ఉద్దేశంతో అన్న మాట కూడా అంతే లోతుగా దిగుతుందని నాకు అప్పుడు తెలియదు.

మరునాటి నుంచి మా ఇంట్లో ఏదో తగ్గింది. ఏమి తగ్గిందో నాకు వెంటనే తెలియలేదు. అమ్మ ఎప్పటిలాగే లేచేది, వాకిలి ఊడ్చేది, సంగటి కెలికేది. పిల్లలకు తినిపించేది కూడా. కాని ఉండలకు పేర్లు ఉండేవి కావు. తెల్లవారుజామున చిన్నవాడు చీకటి ఎక్కడికి పోయిందని అడిగితే, "పోయింది" అని ఊరుకొనేది. రాత్రి కథ అడిగితే, "నిద్ర వస్తావుంది నాయనా, రేపు చెపుతా" అనేది. ఆ రేపు రాలేదు. పెద్దది ఏదైనా అడిగితే వచ్చిన నాలుగు కన్నడం మాటలు వెతుక్కొని జవాబు చెప్పేది. ఆ మాటలు చాలనప్పుడు చేతితో సైగ చేసేది.

నా భార్యే మొదట గమనించింది. "అత్త ఈ మధ్య నోరు తెరవడం లేదు, చూసినారా?" అంది. "వయసు మీదపడింది కదా" అన్నాను. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, "వయసు ఒక్క రాత్రిలో మీదపడదు" అని లోపలికి పోయింది.

కార్తీకం చలిలో చిన్నవాడికి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. నా భార్య తడిగుడ్డ పెడుతోంది. వాడు మూలుగుతూ ఎవరి దగ్గరా ఉండలేదు. చివరికి అవ్వ ఒడికి చేరాడు. ఇంతకు ముందు వాడికి ఒంట్లో బాగాలేనప్పుడు అమ్మ వీపు నిమురుతూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. "ఊరుకో నా తండ్రీ, జ్వరాన్ని తరిమేస్తాం, కట్టె తీసుకొని కొండ దాటిస్తాం" అని ఎన్నో చెప్పేది. ఆ రాత్రి ఆమె వీపు నిమురుతోంది, కాని నోటి నుంచి మాట రావడం లేదు. కాసేపటికి మెల్లగా, తడబడుతూ, "మలగు... మలగు మరి..." అంది. పడుకోమని కన్నడంలో చెప్పడం అది.

చిన్నవాడు జ్వరపు కళ్ళు తెరిచి ఆమె ముఖం వైపు చూశాడు.

"అవ్వా, ఎవరితో మాట్లాడుతుండావు?" అన్నాడు.

గదిలో ఎవరమూ మాట్లాడలేదు. నాకు గొంతు పట్టేసినట్లయింది. "అమ్మా, వాడితో ఎప్పటిలాగే మాట్లాడమ్మా" అన్నాను.

అమ్మ తల ఎత్తలేదు. "ఏమి మాట్లాడేదిరా? నాకు వచ్చిన మాట బిడ్డలకు పనికిరాదంటివి కదా" అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నేను చెప్పిన విషయాన్ని ఆమె నమ్మింది. చదువుకొన్న కొడుకు చెప్పాడు కాబట్టి నిజమే అయి ఉంటుందనుకొంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేను ఆమె పక్కన కూర్చొని, "తప్పయిందమ్మా. నాకు తెలియక అన్నాను" అన్నాను. ఆమె నా తల మీద చేయి వేసింది. తరువాత ఒడిలోని మనవడి మీదికి వంగి, చాలా రోజుల తరువాత, జ్వరాన్ని కొండ దాటించే మాటలు మొదలుపెట్టింది. వాడు వింటూ వింటూ నిద్రపోయాడు. మరునాడు డాక్టరుకు చూపించాం. రెండు రోజుల్లో జ్వరం దిగింది.

బిడ్డ జ్వరం దిగినంత తొందరగా అమ్మ సంకోచం దిగలేదు. చిన్నవాడితో మాట్లాడేది గాని, పెద్దది దగ్గరికి వస్తే మాట ఆపేసేది. బొమ్మల పుస్తకం కనబడితే లేచి వెళ్ళిపోయేది. మనం ఒక్క మాటతో మూసిన తలుపు ఇంకొక్క మాటతో తెరుచుకోదు.

నాకు చిన్నప్పుడు కన్నడం చెప్పిన అయ్యవారు ఒకరున్నారు. ఉద్యోగం మాని చాలా ఏళ్ళయింది. ఒక ఆదివారం ఆయన దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన నన్ను కోప్పడలేదు. "రాప్పా, కూర్చో" అని, లోపలి నుంచి ఒక లావుపాటి నిఘంటువు తెచ్చారు. అది ఫెర్డినాండ్ కిట్టెల్ అనే జర్మన్ పండితుడు కూర్చినది. 1894లో మంగళూరులో అచ్చయింది. అయ్యవారి దగ్గర ఉన్నది తరువాతి ముద్రణ. ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని పుటలు తిప్పారు.

"చూడు. పాత కన్నడంలో పాలను 'పాల్' అనే అనేవాళ్ళు. పులిని 'పులి' అనే అనేవాళ్ళు. పదో శతాబ్దపు పంపకవి కాలంలో అదే కన్నడం. ఆ తరువాత కొన్ని వందల ఏళ్ళలో, మాట మొదట్లోని 'ప' మెల్లమెల్లగా 'హ' అయింది. పాలు హాలయింది, పువ్వు హూవయింది, పల్లె హళ్ళి అయింది. మీ అమ్మ చెప్పిన 'పులి'ని పంపకవి వింటే తప్పు పట్టడు. మన తాలూకా పేరు చూడు, కన్నడంలోనూ బాగేపల్లే. పల్లి పల్లిగానే నిలిచింది."

నేను ఆశ్చర్యపోయాను. "అయితే తెలుగు పాత రూపం నిలుపుకొందన్నమాట, సార్" అన్నాను కొంచెం గర్వంగా.

ఆయన నవ్వారు. "తొందరపడొద్దు. మీ తెలుగు కూడా ఒకటి పోగొట్టుకొంది. కన్నడంలో 'కివి' అంటే మీరు 'చెవి' అంటారు. 'కెరె' అంటే 'చెరువు' అంటారు. 'కై' అంటే 'చెయ్యి' అంటారు. అక్కడ పాత 'క'ను కన్నడం నిలుపుకొంది. తెలుగులో అది 'చ' అయింది. ఒక తల్లి సొత్తును ఇద్దరు బిడ్డలు పంచుకొన్నారు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర పాడై ఉంటుంది. దాన్ని చూపించి ఎవరూ ఎవరినీ వెక్కిరించకూడదు."

ఆయన ఇంకొక సంగతి కూడా చెప్పారు. కన్నడ ఆదికవి పంపడికి జినవల్లభుడని ఒక తమ్ముడు ఉండేవాడు. తెలంగాణలో కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర ఒక గుట్ట మీద ఆయన వేయించిన శాసనం ఉంది. అది పదో శతాబ్దానిది. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగులో మనకు దొరికిన తొలి కందపద్యాలలో ఆ శాసనంలోనివి ముఖ్యమైనవి. "ఒకే ఇంట్లో అన్న కన్నడంలో మహాకావ్యం రాసినాడు. తమ్ముడు బండ మీద తెలుగు పద్యం చెక్కించినాడు. ఆ ఇంట్లో రెండు భాషలూ పట్టినప్పుడు మీ ఇంట్లో ఎందుకు పట్టవు?" అన్నారు అయ్యవారు.

నేను లేస్తుంటే ఆయన వాకిలి దాకా వచ్చారు. "ఇంటి మాట గట్టిగా ఉన్న బిడ్డకు బడి మాట తొందరగా పట్టుబడుతుంది. ఇది నేను నా తరగతిలో చూసినాను. ఐక్యరాజ్యసమితి వాళ్ళ యునెస్కో 1953లోనే పిల్లల చదువు తల్లిభాషలో మొదలుకావాలని చెప్పింది. మన రాజ్యాంగంలో కూడా 1956లో 350-ఎ అధికరణం చేర్చినారు. భాషలో తక్కువమంది ఉన్న వాళ్ళ బిడ్డలకు మొదటి తరగతులు తల్లిభాషలో చెప్పే ఏర్పాటు చేయాలని అందులో ఉంది. పెద్ద పెద్దవాళ్ళు కాగితం మీద రాసిన ఈ మాటను మీ అమ్మ సంగటి ఉండతో చేస్తావుంది. ఆమెను చేయనీ" అన్నారు.

ఇదంతా అమ్మకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నిఘంటువు పేరు చెప్పి ఒప్పించే విషయం కాదు ఇది. నా భార్య, "మీరేమీ చెప్పవద్దు. అనపకాయల కాలం వచ్చింది కదా, చూద్దాం" అంది.

మా వైపు మార్గశిరం, పుష్యమాసాల్లో అనపకాయల కాలం. మంచుకు తడిసిన కాయకు ఉండే వాసన ఇంక దేనికీ ఉండదు. సంతలో ఆ కుప్పల దగ్గరికి పోతే ఆ వాసన గుడ్డలకు కూడా పట్టుకొని ఇంటి దాకా వస్తుంది. కాయలు వలిచి, గింజలు తీసి, నీళ్ళలో నానవేస్తారు. బాగా నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నొక్కితే, తొక్క చేతిలో మిగిలి లోపలి పప్పు ఎగిరి పడుతుంది. దానితో పులుసు చేసి సంగటిలోకి తింటారు. పని ఎక్కువ కాబట్టి ఇంట్లో అందరూ కూర్చోవలసిందే. పిల్లలకు ఇది పనిగా తోచదు, ఆటగా తోచుతుంది.

ఆ రాత్రి పెద్ద గిన్నె నిండా నానిన గింజలు పెట్టుకొని అందరం చుట్టూ కూర్చొన్నాం. చిన్నవాడు నొక్కిన మొదటి గింజ నా కళ్ళద్దాలకు తగిలింది. రెండోది అటక మీదికి పోయింది. మూడోది వాడి నోట్లోకే పోయింది. అందరం నవ్వుతున్నాం. అమ్మ వేళ్ళు మాత్రం చూడకుండానే పని చేస్తున్నాయి. మేము నాలుగు గింజలు పితికేలోగా ఆమె గుప్పెడు పితుకుతోంది.

"మా టీచరమ్మ కూడా నిన్న ఇదే తెచ్చుకొన్నారు. దీన్ని హితికిద బేళె అంటారు" అంది పెద్దది.

అమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. తల ఇంకా వంచుకొంది. నేను, "మన ఇంట్లో ఏమంటామో అవ్వను అడుగు" అన్నాను.

"ఏమంటాం అవ్వా?"

అమ్మ వెంటనే చెప్పలేదు. నా వైపు చూసింది. ఈసారి నేను తల ఎత్తుకొనే ఉన్నాను.

"పితికిన పప్పు" అంది మెల్లగా.

పెద్దది గింజ నొక్కబోయి ఆగిపోయింది. పెదవులు కదుపుతూ తనలో తాను అనుకొంది. "పితికిన... హితికిద... పితికిన... హితికిద..." తరువాత ఒక్కసారిగా లేచి నిలబడింది. ఒళ్ళోని తొక్కలన్నీ నేల మీద పడ్డాయి.

"అవ్వా! నీ 'ప' మా బడిలో 'హ' అయిపోతావుంది! పాలు, హాలు! పులి, హులి! పువ్వు, హూవు!"

నేను నోరు మెదపలేదు. అయ్యవారు నిఘంటువు తెరిచి నాకు చెప్పిన సూత్రాన్ని ఆరేళ్ళ బిడ్డ అనపగింజలు పితుకుతూ కనిపెట్టింది.

అమ్మ కళ్ళల్లో వెలుగు కనబడింది. "అయితే పాము?" అంది.

"హావు!"

"పంది?"

"హంది!"

"నీ తల్లో ఉండే పేను?"

"హేను!" అని అరిచి, పెద్దది వెంటనే నాలుక కరుచుకొంది. తన తలలో పేలు ఉన్నాయని అందరి ముందర ఒప్పుకొన్నట్లయింది. అమ్మ కళ్ళ నుంచి నీళ్ళు వచ్చేంతగా నవ్వింది. అన్ని రోజుల తరువాత ఆ నవ్వు విని నా భార్య వంటింట్లోకి పోయి కొంగుతో ముఖం తుడుచుకొంది.

నవ్వులు తగ్గాక పెద్దది అవ్వ దగ్గరికి జరిగి, "అయితే నువ్వు చెప్పింది తప్పు కాదు అవ్వా. నీదీ ఒప్పే, టీచరుదీ ఒప్పే" అంది.

"తప్పు కాదంటనా?" అంది అమ్మ. "నేనేమో డెబ్బై ఏండ్లూ తప్పే మాట్లాడినాననుకొంటి."

ఆ రాత్రి ఏడు చేపల కథ మళ్ళీ మా ఇంటికి వచ్చింది. ఎండని చేప కోసం చిన్నవాడు మళ్ళీ దిగులుపడ్డాడు.

మరునాటి నుంచి పెద్దదానికి ఒక పని దొరికింది. ఒక నోటు పుస్తకంలో నడుమ గీత గీసి, ఒకవైపు 'అవ్వ మాట', ఇంకొకవైపు 'బడి మాట' అని పేరు పెట్టింది. బడి మాటలు తనే రాసేది. అవ్వ మాటలు తెలుగు అక్షరాలలో రాయడం నేను నేర్పాను. పెద్ద కష్టం కాలేదు. తెలుగు, కన్నడ లిపులు ఒకప్పుడు ఒకటిగా ఉండి తరువాత విడిపోయినవే. చాలా అక్షరాలకు తలమీది గీతలోనే తేడా. "ఇది మన అక్షరమే, వేరే టోపీ పెట్టుకొంది" అని అమ్మాయి తమ్ముడికి చెప్పింది.

సూత్రం దొరికిన ఉత్సాహంలో అది కొన్ని రోజులు అన్నిటికీ 'హ' పెట్టింది. పుస్తకాన్ని 'హుస్తకం' అంది. బడిలో అందరూ నవ్వారని వచ్చి చెప్పింది. అప్పుడు నేను, "పుస్తకం సంస్కృతం నుంచి వచ్చిన మాట. ఇంటివాళ్ళు బట్టలు మార్చుకొన్నా, చుట్టంగా వచ్చినవాళ్ళు తమ బట్టల్లోనే ఉంటారు కదా" అని చెప్పాను. చిన్నవాడికి ఇవేవీ పట్టలేదు. పిల్లిని 'హిల్లి' అనీ, పప్పును 'హప్పు' అనీ, అక్కను ఏడిపించడానికి 'హాపా' అనీ పిలుస్తూ ఇల్లంతా తిరిగేవాడు.

నోటు పుస్తకం నిండుతున్నకొద్దీ అమ్మకు దాని మీద ప్రేమ పెరిగింది. చదవడం రాకపోయినా సాయంత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకొని, "ఇందులో నా మాటలు ఎన్ని ఉండాయి?" అని అడిగేది. పెద్దది లెక్కపెట్టి చెప్పేది. తన మాటలు కాగితం మీదికి ఎక్కడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. ఒక దినం ఆమె వేలితో ఒక అక్షరాన్ని తడుముతూ, "ఇదేనా 'ప'?" అంది. అదే. ఆ వయసులో ఆమె నేర్చుకొన్న మొదటి అక్షరం అది.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. పెద్దది ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. కన్నడంలో మంచి మార్కులు తెచ్చుకొంటుంది. నేను భయపడినట్లు అవ్వ మాట వల్ల అది బడిలో వెనకబడలేదు. చిన్నవాడు పెద్దవాడయ్యాడు. చీకటి ఎక్కడికి పోయిందని ఇప్పుడు అడగడు. అవ్వ ఆ ప్రశ్నలకు చెప్పిన జవాబులలో నాకు గుర్తున్నవి నాలుగైదే. అప్పుడే రాసి పెట్టుకొని ఉండవలసిందని అనుకొంటాను. పిల్లల చిన్నతనం పెద్ద పండుగల్లో కంటే ఇటువంటి తెల్లవారుజాముల్లోనే గడిచిపోతుంది. మనం దుప్పటిలో ఉండగానే అయిపోతుంది.

అమ్మకు ఇప్పుడు వేళ్ళలో పట్టు తగ్గింది. కిందటి చలికాలం అనపగింజలు పితకబోతే గింజ జారిపోయింది. చిన్నవాడు చూసి, ఏమీ అనకుండా ఆమె పక్కకు జరిగాడు. ఆమె గిన్నె నుంచి గింజలు తీసుకొని పితికి, పప్పును ఆమె చేతిలోనే పెట్టసాగాడు. ఆమె వాటిని లెక్కపెట్టి పళ్ళెంలో వేసింది. పని ఆమెదే అయింది.

పిల్లలూ, మీ ఇంట్లో అవ్వ గాని తాత గాని ఉంటే, ఈ సాయంత్రం ఒక నోటు పుస్తకం తీసుకొని వాళ్ళ పక్కన కూర్చోండి. నడుమ ఒక గీత గీయండి. ఇంటి మాట ఒకవైపు, వీధి మాట ఒకవైపు రాయండి. ఏది ఒప్పు, ఏది తప్పు అని తొందరపడి గుర్తు పెట్టవద్దు. ముందు అడగండి, తరువాత వినండి. మీరు అడిగితే మాట్లాడేవాళ్ళు ఆ ఇంట్లో ఉన్నారు.